పోరంకిలో మొదటి ఫ్లాట్ కొంటున్నాం, ఆదివారం లోపు 2 లక్షలు టోకెన్ ఇమ్మంటున్నారు. ఇవ్వవచ్చా?

గుణదల అద్దెవాసి
అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. మాది గుంటూరు, ఉద్యోగం వల్ల ఆరేళ్లుగా విజయవాడ గుణదలలో అద్దెకు ఉంటున్నాం. నాకూ మా ఆవిడకీ కలిపి నెలకి 82 వేలు చేతికి వస్తుంది. పాప యూకేజీ. అద్దె 14 వేలు. దాచుకున్నది 12 లక్షలు, అవసరమైతే మా ఆవిడ బంగారం కొంత ఉంది, అది కదపకుండా చూద్దామని నా కోరిక.

పోరంకిలో ఒక ఫ్లాట్ నచ్చింది. స్టిల్ట్ (కింద స్తంభాల మధ్య పార్కింగ్) మీద అయిదు అంతస్తులు, మొత్తం 20 ఫ్లాట్లు. మాకు చూపించింది మొదటి అంతస్తులో 103, తూర్పు ఫేసింగ్, 1,200 చదరపు అడుగులు అన్నారు, ధర 48 లక్షలు. శ్లాబులు అయిపోయాయి, గోడల పని నడుస్తోంది. అమ్మకి వాస్తు బాగా నచ్చింది. బిల్డర్ ఏమంటున్నాడంటే, రాతలో 34 లక్షలు చూపిద్దాం, మిగతా 14 క్యాష్ ఇవ్వండి, మీకు రిజిస్ట్రేషన్ ఖర్చు కలిసొస్తుంది అని. వచ్చే వారం ఆషాఢం వస్తుంది కాబట్టి ఈ ఆదివారమే మంచి రోజు, 2 లక్షలు టోకెన్ ఇచ్చేయండి, హైదరాబాద్ పార్టీ ఒకరు అదే ఫ్లాట్ అడుగుతున్నారు అంటున్నాడు. మా ఇంట్లో ఇల్లు కొన్నవాళ్లు ఎవరూ లేరు, నాన్న ఉద్యోగం అంతా క్వార్టర్స్‌లోనే గడిచింది. నిద్ర పట్టడం లేదు. ఏం చూడాలి, ఎవరిని అడగాలి, దయచేసి చెప్పండి.

లోన్ కౌంటర్
తమ్ముడూ, నేను గుంటూరులో ఒక బ్యాంకులో హోమ్ లోన్లు చూస్తాను. ఇల్లు సంగతి తర్వాత, ముందు నీ 12 లక్షలు ఎక్కడిదాకా వస్తాయో చూద్దాం.

మొత్తం 48 లక్షలూ రాతలోనే పెడితే బ్యాంకు 80 శాతం దాకా ఇవ్వవచ్చు, అంటే 38 లక్షల 40 వేలు. నీ చేతి నుంచి 9 లక్షల 60 వేలు. మన రాష్ట్రంలో సేల్ డీడ్‌కి స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం, 48 మీద 3 లక్షల 60 వేలు. దీనికి లోన్ రాదు. కడుతున్న బిల్డింగ్ కాబట్టి జీఎస్టీ 5 శాతం, అది ఇంకో 2 లక్షల 40 వేలు. ఇక్కడికే నీవి 15 లక్షల 60 వేలు అయ్యాయి. లాయర్ ఫీజు, ప్రాసెసింగ్ ఫీజు, మీటర్, కప్‌బోర్డులు, ఫ్యాన్లు ఇందులో లేవు.

ఇప్పుడు బిల్డర్ చెప్పిన 34 లక్షల దారి చూడు. 30 లక్షల లోపు లోన్‌కి 90 శాతం దాకా ఇవ్వవచ్చు కాబట్టి గట్టిగా అడిగితే 30 వస్తుంది. అంటే 18 లక్షలు నువ్వే పెట్టాలి, అందులో 14 నోట్ల కట్టలు. రిజిస్ట్రేషన్‌కి 2 లక్షల 55 వేలు. మొత్తం 20 దాటింది. రిజిస్ట్రేషన్‌లో లక్ష మిగులుతుందని చూపించి నీ చేత అయిదు లక్షలు అదనంగా పెట్టిస్తున్నాడు, అదీ వడ్డీకి తెచ్చి. పైగా స్థిరాస్తి విషయంలో 20 వేలు అంతకుమించి క్యాష్ తీసుకోవడం ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం ఒప్పుకోదు. రేపు ఏదైనా తేడా వచ్చి డబ్బు వెనక్కి అడగాల్సి వస్తే ఆ 14 లక్షలు ఇచ్చినట్టు నీ దగ్గర ఒక్క కాగితం ఉండదు.

ఈఎంఐ విషయానికొస్తే, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే లక్షకి నెలకి సుమారు 868 రూపాయలు. 38 లక్షల 40 వేలకి 33 వేల పైచిలుకు. మీ ఇద్దరి జీతంలో 40 శాతం. ఇద్దరిదీ ప్రైవేటు ఉద్యోగమే అయితే, ఒకరు ఆరు నెలలు ఇంట్లో ఉండాల్సి వస్తే ఎలా అన్నది కూర్చుని మాట్లాడుకోండి. ఇంకోటి, బిల్డింగ్ అయ్యేదాకా బ్యాంకు విడుదల చేసినదానికి వడ్డీ, ఇటు గుణదల అద్దె, రెండూ కట్టాలి. దీన్ని చాలామంది లెక్కలో వేసుకోరు.

కానూరు నుంచి
లోన్ కౌంటర్ గారూ, జీఎస్టీ 1 శాతం కూడా ఉంది కదండీ?

లోన్ కౌంటర్
ఉంది. మొత్తం ధర 45 లక్షలు దాటకూడదు, మన విజయవాడ, గుంటూరు లాంటి నాన్ మెట్రో ఊళ్లలో కార్పెట్ ఏరియా 90 చదరపు మీటర్లు, అంటే 968 చదరపు అడుగులు దాటకూడదు. రెండూ ఉంటేనే 1 శాతం. పార్కింగ్‌కి అదీ ఇదీ అని విడిగా వసూలు చేసినా అదీ ధరలో కలుస్తుంది. 48 దగ్గర 5 కడుతున్న తమ్ముడు బేరమాడి 45కి తెచ్చుకోగలిగితే ధరలో 3 లక్షలు, జీఎస్టీలో దాదాపు 2 లక్షలు తగ్గుతాయి. బేరం అక్కడ ఆడాలి, క్యాష్ దగ్గర కాదు. ఓసీ, అంటే కట్టడం పూర్తయింది, ఉండవచ్చు అని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, వచ్చాక అమ్మిన ఫ్లాట్‌కి అసలు జీఎస్టీయే లేదు.

దస్తావేజు పని
నేను ఇరవై ఏళ్లుగా రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్కన దస్తావేజులు రాస్తున్నాను. బాబూ, మీరు రాసినదాంట్లో నన్ను ఆపింది "మొదటి అంతస్తు 103" అన్న మాట.

అపార్టుమెంటుకి ప్లాన్ ఇచ్చేటప్పుడు బిల్డర్ ప్లాన్ ప్రకారమే కడతాడని హామీగా మొత్తం కట్టుబడిలో 10 శాతం ప్లాన్ ఇచ్చిన సంస్థకి తాకట్టు పెట్టించుకుంటారు. మామూలుగా కింది అంతస్తుల్లో ఫ్లాట్లే పెడతారు. ఓసీ వచ్చాకే ఆ తాకట్టు విడుదల. 20 ఫ్లాట్లంటే రెండు ఫ్లాట్లు ఆ తాకట్టులో ఉంటాయి. అవి ఏ నంబర్లో ముందు తెలుసుకోండి. అలాంటి ఫ్లాట్‌కి డబ్బు తీసుకుని, రిజిస్ట్రేషన్ దగ్గరకి వచ్చేసరికి "కొంచెం ఆగండి సార్, ఓసీ వస్తుంది" అని రెండేళ్లు తిప్పిన కేసులు నా కళ్ల ముందే ఉన్నాయి. మీది అదే అని నేను అనడం లేదు. చూడమంటున్నాను.

చూడటం ఎలాగంటే, ఈసీ తీయండి, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టర్ అయిన అమ్మకాలు, తాకట్లు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్లో మీరే తీసుకోవచ్చు, లేదా మీసేవలో, సచివాలయంలో అడగండి. ఫ్లాట్ నంబరు మీద ఒక్కటే తీస్తే చాలదు, ఆ స్థలం సర్వే నంబరు మీద, పాత డోర్ నంబరు ఉంటే దాని మీద కూడా తీయాలి. 30 ఏళ్లకి తీయండి. వచ్చిన కాగితాన్ని కింది నుంచి పైకి, పాత తేదీ నుంచి కొత్త తేదీకి చదవండి. ప్రతి వరుసలో రాసిచ్చినవారు ఎవరు, రాయించుకున్నవారు ఎవరు అని ఉంటుంది. నిన్న రాయించుకున్న మనిషే ఈరోజు రాసిచ్చిన మనిషి కావాలి. ఆ గొలుసు ఎక్కడ తెగిందో అక్కడ వేలు పెట్టి అడగండి, మధ్యలో ఎవరైనా చనిపోయారా, వీలునామా ఉందా, భాగపంపకాలు రిజిస్టర్ అయ్యాయా అని. ఈసీలో రిజిస్టర్ అయినవే కనబడతాయి. ఇంట్లో రాసుకున్న కాగితాలు, రిజిస్టర్ చేయని వీలునామాలు అందులో ఉండవు, కోర్టు కేసులు కూడా అన్నీ ఉండవు. అందుకే లాయర్.

22ఏ నిషేధిత జాబితా కూడా అదే వెబ్‌సైట్లో చూడవచ్చు. ప్రభుత్వ భూమి, అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్ భూములు అందులో ఉంటాయి. సర్వే నంబరు కొట్టి చూడండి, పది నిమిషాల పని.

బ్రాడీపేట మాస్టారు
నాయనా, నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి, గుంటూరులో ఉంటాను. దస్తావేజు పని గారు చెప్పిన గొలుసు సంగతి నా సొంత అనుభవంతో చెబుతాను, ఎందుకంటే ఆ గొలుసులో ఒక్క కొక్కెం ఊడి నా తొమ్మిదేళ్లు పోయాయి.

పాత ఇల్లు ఒకటి కొన్నాం. అన్నదమ్ములు ముగ్గురూ వచ్చి సంతకాలు పెట్టారు, ముసలావిడ వేలిముద్ర కూడా వేసింది, అందరూ మర్యాదస్తులు. ఇంటిముందు వేపచెట్టు ఉండేది, దాని కింద కూర్చుని కాఫీలు తాగి మరీ డబ్బు లెక్కపెట్టుకున్నారు. వాళ్లకి ఒక చెల్లెలు ఉందని, తెనాలిలో ఇచ్చారని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. గృహప్రవేశం అయిన రెండో ఏడు ఆవిడ కోర్టు నోటీసు వచ్చింది. తప్పు ఆవిడది కాదు, ఆవిడ వాటా ఆవిడ అడిగింది. చివరికి రాజీకి వచ్చి ఇంకో నాలుగు లక్షలు ఇచ్చుకున్నాం.

మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఉన్నప్పుడే 1986 చట్టంతో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకి సమాన వాటా వచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. కాబట్టి స్థలం ఎవరిదో ఆ కుటుంబంలో ఎంతమంది పిల్లలు, ఆడపిల్లలు ఎందరు, వాళ్లంతా సంతకం పెట్టారా అని అడగండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ చూపించమనండి. అపార్టుమెంటు కదా, ఇవన్నీ ఎందుకు అనుకోకండి. ఆ స్థలం కూడా ఒకప్పుడు ఎవరో ఒక రైతు కుటుంబానిదే. బిల్డర్‌కి డెవలప్‌మెంట్ అగ్రిమెంటు (మా స్థలంలో కట్టుకోమనే ఒప్పందం) ఇచ్చింది ఆ కుటుంబంలో ఎవరెవరో చూడండి.

కొత్త కోడలు
మాస్టారూ, మీ పోస్టు చదివి మా అత్తయ్యగారికి కూడా వినిపించాను. మేము చూస్తున్న ఇంట్లోనూ ఆడపడుచుల గురించి అడగలేదు. రేపే అడుగుతాం.

గుణదల అద్దెవాసి
అందరికీ చాలా థ్యాంక్స్. ఒక సందేహం. బ్యాంకు లోన్ ఇస్తానంటే పేపర్లు బాగున్నట్టే కదా? బిల్డర్ "మా ప్రాజెక్టుకి రెండు బ్యాంకులు అప్రూవ్ చేశాయి, మీకు లాయర్ ఖర్చు దండగ" అంటున్నాడు.

లోన్ కౌంటర్
కాదు తమ్ముడూ. బ్యాంకులోనే పనిచేస్తూ చెబుతున్నాను. మా లాయర్ ఇచ్చే ఒపీనియన్ మా డబ్బు వెనక్కి వస్తుందా లేదా అని చూసేది, నీ కోసం రాసింది కాదు. చాలాసార్లు మంచిదే అవుతుంది, కానీ అది మాత్రమే నమ్ముకోకు. నీ లాయర్ నువ్వు పెట్టుకో, బిల్డర్ చూపించిన లాయర్ వద్దు, బ్రోకర్‌కి బంధువైన లాయర్ అసలు వద్దు. 48 లక్షల దగ్గర కొన్ని వేల ఫీజుకి వెనకాడకు. ఒపీనియన్ కాగితం మీద సంతకంతో ఇప్పించుకో, నోటిమాట కాదు.

సైట్ ఇంజినీర్
బెంజి సర్కిల్ నుంచి కంకిపాడు దాకా బందరు రోడ్డు పొడవునా పదిహేనేళ్లుగా సైట్లు చూశాను. కాగితాల గురించి పెద్దవాళ్లు చెప్పారు, నేను రెండు కొలతలు చెబుతాను.

మొదటిది కార్పెట్ ఏరియా. 1,200 అని చెప్పేదాంట్లో గోడలు, మెట్లు, లిఫ్టు, కారిడార్ అన్నీ కలిపి ఉంటాయి. నువ్వు చాప పరుచుకునే నేల ఎంతో అది కార్పెట్. ఒక టేపు తీసుకెళ్లి గోడ నుంచి గోడకి కొలువు, బాల్కనీ వదిలెయ్. 1,200 అని చెప్పినది లోపల 880, 900 రావడం నేను మామూలుగా చూస్తాను. రెరా (ఇళ్లు కొనేవాళ్ల రక్షణకి వచ్చిన రియల్ ఎస్టేట్) చట్టం ప్రకారం కార్పెట్ ఏరియా రాసి చెప్పాలి, అగ్రిమెంటులో ఆ అంకె వేయించుకో. కొలిచేటప్పుడు పడకగదిలో మంచం పట్టాక తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా చూడు, బ్రోచర్‌లో మంచం బొమ్మలు చిన్నవిగా వేస్తారు.

రెండోది, దీన్ని అందరూ వదిలేస్తారు కాబట్టి ఓపిగ్గా చదువు. అన్‌డివైడెడ్ షేర్. నువ్వు కొనేది గోడల్ని మాత్రమే కాదు, కింద నేలలో కొన్ని గజాలు. ముప్పై నలభై ఏళ్ల తర్వాత బిల్డింగ్ పాతబడి కూల్చి కట్టాల్సి వస్తే నీకు మిగిలేది ఆ గజాలే. మీ స్థలం ఎన్ని గజాలు? 720 అనుకో, 20 ఫ్లాట్లు సమానంగా ఉంటే తలా 36 గజాలు రావాలి. దస్తావేజు డ్రాఫ్టు తీసుకుని చూడు, అక్కడ ఎంత రాశారు? నేను చూసిన ఒక సైట్లో 36 రావాల్సింది 28 రాసి, మిగిలిన గజాలన్నీ బిల్డర్ తన పేరునే ఉంచుకున్నారు, ఆ తర్వాత ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్ పైన వేసి దానికి రాసుకున్నారు. అన్ని ఫ్లాట్ల గజాలూ కూడితే మొత్తం స్థలం రావాలి. రోడ్డు వెడల్పుకి వదిలిన జాగా తీసేసి లెక్కవేసుకో.

శాంక్షన్ ప్లాన్ కాపీ అడుగు, వీఎంసీ (విజయవాడ కార్పొరేషన్)దా, మున్సిపాలిటీదా, సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ)దా చూడు. పట్టుకుని బిల్డింగ్ చుట్టూ నడువు. పక్కన ఎన్ని మీటర్లు వదలాలని ఉందో, అక్కడ నిజంగా అంత ఉందో. అంతస్తులు లెక్కపెట్టు. తేడా ఎక్కువ ఉంటే ఓసీ ఇవ్వరు, ఓసీ లేకపోతే తాకట్టు విడుదల అవదు, మళ్లీ దస్తావేజు పని గారు చెప్పిన చోటికే వస్తాం.

పటమట పాతకాపు
ఒకే మాట. ఆషాఢం వస్తుందని, హైదరాబాద్ పార్టీ ఉందని చెప్పే తొందర నేను ముప్పై ఏళ్లుగా వింటున్నాను. ఆషాఢం నెల రోజులే. ఆ నెల రోజులూ పేపర్లు చూసుకోండి, శ్రావణంలో మంచి రోజు చూసుకుని అగ్రిమెంటు చేసుకోండి. ఇచ్చే టోకెన్ చెక్కు ద్వారా ఇవ్వండి, లీగల్ ఒపీనియన్ సరిగా రాకపోతే 15 రోజుల్లో మొత్తం వెనక్కి ఇస్తానని రసీదులో రాయించండి. రాయనంటే లేచి వచ్చేయండి.

రాజధాని పక్కన
ఇంత చర్చ ఎందుకండీ, ఆ 12 లక్షలకి కొంచెం కలిపి అమరావతి వైపు స్థలం కొనుక్కుంటే పదేళ్లలో ఎక్కడికో వెళుతుంది. ఫ్లాట్ పాతబడుతుంది, భూమి పాతబడదు.

బ్రాడీపేట మాస్టారు
అలా అనకండి. 2015లో మా వీధిలో ఇద్దరు అదే ఆశతో అప్పు చేసి కొన్నారు, 2019 తర్వాత అయిదేళ్లు అమ్ముదామంటే అడిగేవాడు లేడు, వడ్డీ మాత్రం ప్రతి నెలా వచ్చింది. 2024 నుంచి మళ్లీ కదలిక వచ్చింది, సంతోషమే. ఆ అబ్బాయి అడుగుతున్నది పాపని పెట్టుకుని ఉండటానికి ఇల్లు. మిగులు డబ్బు ఉన్నవాళ్లు ఎదురు చూడగలరు, ఈఎంఐ కట్టేవాళ్లు చూడలేరు.

రాజధాని పక్కన
మాస్టారు చెప్పింది ఒప్పుకుంటాను. ఉండటానికైతే ఫ్లాట్ సరే. స్థలం కొనేవాళ్లు మాత్రం ఆ లేఅవుట్‌కి సీఆర్‌డీఏ అప్రూవల్ ఉందో లేదో చూడకుండా కొనకండి, రోడ్లు వేసి సున్నం గీతలు గీసినంత మాత్రాన లేఅవుట్ కాదు.

సింగ్‌నగర్ అక్క
తమ్ముడూ, కాగితాలన్నీ చూశాక ఒక్కసారి నీళ్లు చూడు.

మేము సింగ్‌నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు కొనుక్కుని ఏడాది కూడా కాలేదు, 2024 సెప్టెంబరు 1 ఆదివారం పొద్దున బుడమేరు వాగు వరద వచ్చింది. మొదట కాలువ పొంగిందేమో అనుకుని గుమ్మానికి గోనెసంచులు అడ్డం పెట్టాం. గంటలో మంచం మునిగింది. పిల్లల్ని భుజాన వేసుకుని పై వాళ్ల ఇంట్లోకి ఎక్కాం, రోజుల తరబడి కరెంటు లేదు, పాల ప్యాకెట్లు పడవ మీద వచ్చేవి. నీళ్లు తీశాక చూస్తే గోడ మీద బురద గీత సరిగ్గా నా భుజం దాకా ఉంది. ఫ్రిజ్ వంటింట్లో పెట్టింది హాల్లో వెల్లకిలా పడి ఉంది. పెళ్లిచీరలు, పాప పుట్టినప్పటి ఫోటోలు, ఇంటి దస్తావేజు జిరాక్సు అన్నీ ముద్ద అయిపోయాయి. ఒరిజినల్ బ్యాంకులో ఉండబట్టి బతికింది.

కొనేటప్పుడు మాకు ఈసీ చూపించారు, లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) చూపించారు, ప్లాన్ చూపించారు. అన్నీ నిజమే, అన్నీ బాగున్నాయి. నీళ్లు ఎటు పోతాయో ఏ కాగితంలోనూ రాసి ఉండదు. అందుకని చెబుతున్నాను, పోరంకి వెళ్లినప్పుడు బిల్డర్‌ని కాదు, ఆ సందులో ఇస్త్రీ బండి అతన్ని, పాలు పోసే ఆవిడని అడుగు, గట్టి వాన పడితే నీళ్లు ఎంతసేపు ఉంటాయి, ఎక్కడిదాకా వస్తాయి అని. పక్క బిల్డింగ్ స్తంభాలకి, కాంపౌండు గోడకి పాత నీటి మరకలు ఉన్నాయేమో చూడు, కొత్తగా రంగు వేసింది కింది నాలుగు అడుగులే అయితే ఎందుకు అని అడుగు. ఒక వాన పడిన సాయంత్రం వెళ్లు.

ఇన్సూరెన్స్ సంగతి కూడా విను. లోన్‌తో పాటు ఇచ్చే ఇంటి పాలసీ చాలావరకు కట్టడానికే. సామాన్లకి విడిగా తీసుకోవాలి. మాకు తెలియదు, తీసుకోలేదు.

దస్తావేజు పని
అమ్మా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. పిల్లలు క్షేమంగా బయటపడ్డారు, అది చాలు.

గుంటూరు నీళ్లు
గుంటూరులో కొనేవాళ్లకి కూడా నీళ్ల ప్రశ్నే, కాకపోతే రెండో వైపు నుంచి. బోరు నీళ్లు ఒక గ్లాసు తీసుకుని తాగి చూడండి. మా ఏరియాలో ఉప్పు ఎక్కువ, గీజర్ రెండేళ్లకి పోతుంది, కుళాయిలకి తెల్లగా పేరుకుంటుంది. మున్సిపల్ కనెక్షన్ ఉందా, ఏ టైముకి వస్తాయి, ఎండాకాలంలో ట్యాంకర్ తెప్పిస్తారా, ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో ఉందా విడిగానా, పాత వాళ్లని అడిగి తెలుసుకోండి.

గుణదల అద్దెవాసి
అప్‌డేట్ ఇస్తున్నాను. ఆదివారం టోకెన్ ఇవ్వలేదు.

శుక్రవారం రాత్రి ఫోన్లోనే ఏపీ రెరా సైట్ చూశాను, ప్రాజెక్టు రిజిస్టర్ అయి ఉంది, అది మంచి విషయం. 500 చదరపు మీటర్లు లేదా 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని, రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదని అక్కడే చదివాను. తర్వాత ఈసీ తీశాను. దస్తావేజు పని గారు చెప్పినట్టు కింది నుంచి పైకి చదువుకుంటూ వచ్చాను. పైనుంచి మూడో వరుసలో ఆగిపోయాను. మార్ట్‌గేజ్ (తాకట్టు) అని ఉంది, రాయించుకున్నవారి చోట కమిషనర్ అని ఉంది, ఆస్తి వివరాల్లో ఫ్లాట్ నంబర్లు 103, 104. మా ఆవిడకి చూపించాను. ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

శనివారం వెళ్లి బిల్డర్‌ని ఈసీ కాగితంతోనే అడిగాను. మొదట "అది ఫార్మాలిటీ" అన్నాడు. తర్వాత మూడో అంతస్తులో 304 చూపించాడు, అదీ తూర్పే, ధర మాత్రం 49 అన్నాడు. ప్లాన్ కాపీ ఇచ్చాడు, దస్తావేజు డ్రాఫ్టు ఇచ్చాడు. స్థలం 720 గజాలే, ఇంజినీర్ గారి లెక్క అచ్చం సరిపోయింది. డ్రాఫ్టులో 31 గజాలు రాసి ఉంది.

సైట్ ఇంజినీర్
36 రాయమను. రాయకపోతే మిగతా 5 గజాలు ఎవరి పేరున ఉన్నాయో కాగితం మీద చూపించమను. 20 ఫ్లాట్లకి 5 చొప్పున 100 గజాలు, తక్కువేం కాదు.

లోన్ కౌంటర్
304కి మొత్తం రాతలో పెడితేనే మాట్లాడు. 45కి అడుగు, కొలిచి చూస్తే కార్పెట్ 968 లోపే ఉండవచ్చు. అప్పుడు జీఎస్టీ 45 వేలు. లోన్ 36 లక్షలు, నీ చేతి నుంచి 9, రిజిస్ట్రేషన్ 3 లక్షల 37 వేలు. అప్పటికీ 12 దాటుతుంది, ఇంకో ఆరు నెలలు దాచుకోవాల్సి ఉంటుంది. బంగారం కదపవద్దు, పర్సనల్ లోన్ అసలు వద్దు. ఒకవేళ ధర 50 లక్షలు తాకితే నువ్వు ఇచ్చేదాంట్లో 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల తరఫున ఆదాయపు పన్ను) పట్టుకుని నువ్వే కట్టాలి, మర్చిపోకు.

గుణదల అద్దెవాసి
ఇంకో ఫ్లాట్ కూడా చూశాం. కానూరులో, పన్నెండేళ్ల పాతది, రెండో అంతస్తు, 42 లక్షలు. ఓనర్ అమెరికాలో ఉంటారట, ఇక్కడ బావమరిది జీపీఏతో (ఓనర్ తరఫున అమ్మే అధికారం ఇచ్చిన పత్రంతో) అమ్ముతున్నారు. ఓసీ ఉంది, జీఎస్టీ లేదు. మా ఆవిడకి ఇదే నచ్చింది, బడి కూడా దగ్గర.

దస్తావేజు పని
పాత ఫ్లాట్ ఎంత మాత్రం తక్కువ కాదు బాబూ, కళ్ల ముందు ఉంది, కరెంటు బిల్లు వస్తోంది, పక్కింటివాళ్లు నిజం చెబుతారు. జీపీఏ విషయం జాగ్రత్త. అక్కడ కాన్సులేట్‌లో అటెస్ట్ అయిందా, ఇండియాకి వచ్చిన మూడు నెలల్లో ఇక్కడ స్టాంపు కట్టి రిజిస్ట్రార్ దగ్గర చెల్లుబాటు చేయించారా చూడండి. ఓనర్‌తో వీడియో కాల్‌లో మీరే మాట్లాడండి, అమ్మే అధికారం ఇచ్చానని, ధర ఇంత అని ఆయన నోటితో వినండి. ఇచ్చిన మనిషి చనిపోతే జీపీఏ చెల్లదు. డబ్బు ఓనర్ ఖాతాకే పంపండి. ఆయన ఎన్‌ఆర్‌ఐ అయితే టీడీఎస్ 1 శాతం కాదు, చాలా ఎక్కువ ఉంటుంది, 50 లక్షల పరిమితి కూడా వర్తించదు. అది పట్టుకోకపోతే నోటీసు మీకు వస్తుంది. మంచి ఆడిటర్‌ని ముందే కలవండి.

ఇంటి పన్ను, నీటి పన్ను, అసోసియేషన్ బకాయిలు లేవని రసీదులు తీసుకోండి. ఆయనకి లోన్ ఉండేదా అడగండి, ఉంటే తీరిన కాగితం, ఈసీలో విడుదల రెండూ ఉండాలి. రిజిస్ట్రేషన్ అయ్యాక పన్ను పేరు మార్పు, కరెంటు మీటరు పేరు మార్పు ఆ నెలలోనే చేయించండి, వాయిదా వేస్తే అలాగే ఉండిపోతాయి.

గుణదల అద్దెవాసి
సరేనండి. లాయర్ గారికి రెండు ఫ్లాట్ల పేపర్లూ ఇచ్చాను, గురువారం ఒపీనియన్ ఇస్తానన్నారు. ఆయన కానూరు ఫ్లాట్ ఓనర్‌కి అక్కచెల్లెళ్లు ఉన్నారా అని అడిగారు, స్థలం వాళ్ల నాన్నగారిది కాబట్టి. మాస్టారు గుర్తొచ్చారు. ఒక అక్క ఉన్నారట, తన వాటా వదులుకుంటూ రిజిస్టర్ చేసిన కాగితం ఉందన్నారు, కాపీ తెప్పిస్తున్నారు.

నిన్న సాయంత్రం వాన పడుతుంటే గొడుగు వేసుకుని కానూరు వెళ్లాను. సందు మొదట్లో చెప్పు తడిసేంత నీళ్లు ఉన్నాయి, గేటు దగ్గర లేవు. కింద ఇస్త్రీ బండి ఆయన ఎనిమిదేళ్ల నుంచి అక్కడే ఉన్నాడట, స్టిల్ట్‌లోకి ఎప్పుడూ రాలేదన్నాడు.

సింగ్‌నగర్ అక్క
మంచిది తమ్ముడూ. స్టిల్ట్‌లో కరెంటు మీటర్ల బోర్డు, నీళ్ల మోటారు నేలకి ఎంత ఎత్తులో ఉన్నాయో కూడా చూసి రా. మా దగ్గర ముందు పోయినవి అవే.